గిటార్‌కు థియరీ: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

చాలా ఏళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. ఎక్కువగా పాడేవాళ్ల పక్కన, అప్పుడప్పుడు బ్యాండ్‌లో. ఈ ఏళ్లలో గిటార్ థియరీ పేరుతో నేర్పే పద్ధతులు దాదాపు అన్నీ వాడి చూశాను: ఇంటర్వెల్స్, కేజ్డ్, పెంటాటోనిక్ బాక్సులు, మోడ్స్, నంబర్ సిస్టమ్, సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్, స్టాఫ్ నొటేషన్. కొన్ని రోజూ పనికొస్తున్నాయి, కొన్ని నోట్‌బుక్‌లోనే ఉండిపోయాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏది పట్టుకోవాలో తెలియక టెన్షన్ పడుతుంటారు కాబట్టి నా అనుభవం వివరంగా రాస్తున్నాను. దేన్నయినా నేను చూసేది ఒకే విధంగా: పాట నడుస్తున్నప్పుడు ఆ సంగతి చేతికి అందిందా, లేదా?

అలా చూస్తే మొదటి స్థానం ఇంటర్వెల్స్‌దే. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఎంత దూరం ఉందన్నదే ఇంటర్వెల్. గిటార్‌లో ఒక ఫ్రెట్ అంటే అర స్వరం, పన్నెండు ఫ్రెట్లు దాటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పియానోలో నల్ల మెట్లు, తెల్ల మెట్లు ఉండటం వల్ల కీ, అంటే పాట ఆధార స్వరం, మారితే వేళ్ల అమరిక మారుతుంది. గిటార్‌లో ఒకచోట నేర్చిన ఆకారాన్ని అలాగే జరుపుకుంటూ పోవచ్చు. ఇంత సదుపాయం ఉన్న వాయిద్యానికి కూడా ముందు కీ సిగ్నేచర్లు, తర్వాత స్కేళ్లు, ఆ తర్వాతెప్పుడో కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) అనే వరసలో నేర్పుతారు. ఆ వరస నాకు నచ్చదు. నేర్చుకునేవాళ్లకు చేతిలో ఉన్న వాయిద్యంతో సంబంధమే కనిపించదు.

నిజానికి గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. ఏదైనా తీగ మీద ఒక స్వరాన్ని రూట్, అంటే 1 అనుకోండి. మిగతా నంబర్లు స్కేల్‌లో దాని నుంచి లెక్కించిన స్థానాలు. దాని పక్కనున్న సన్న తీగ మీద అదే ఫ్రెట్‌లో 4 ఉంటుంది. బాడీ వైపు రెండు ఫ్రెట్లు జరిగితే 5. ఒక ఫ్రెట్ వెనక్కి వస్తే మేజర్ 3, రెండు వెనక్కి వస్తే మైనర్ 3. మూడో తీగ నుంచి రెండో తీగకు (అన్నిటికంటే సన్నది మొదటి తీగ) వెళ్లేటప్పుడు మాత్రం వీటన్నిటికీ ఒక ఫ్రెట్ కలపాలి. ఎందుకంటే మిగతా జతల మధ్య దూరం ఐదు అర స్వరాలైతే, ఆ జత మధ్య నాలుగే. ఈ తేడా మొదట్లో చాలా చిరాకు పెడుతుంది. కానీ అన్ని తీగల మధ్యా ఐదే పెట్టి ఉంటే రెండు చివరి తీగలు ఇ, ఎఫ్ అయ్యేవి, ఆరు తీగలూ కలిపి మోగించే మామూలు కార్డ్స్ పట్టుకోవడం కష్టమయ్యేది. కారణం తెలిశాక ఆ ఒక్క ఫ్రెట్ తేడాతో నాకు పేచీ లేకుండా పోయింది.

దీన్ని వేళ్లతో మాత్రమే నేర్చుకుంటే సగమే వస్తుంది. రూట్ మోగించి, 3 ఎక్కడ పలకాలో ముందు గొంతుతో పాడి, తర్వాత వాయించి సరిచూసుకోవాలి. మేజర్ 3కీ మైనర్ 3కీ తేడా చెవికి తెలియడానికి కాస్త సమయం పడుతుంది. తెలిశాక మాత్రం పాట వింటుండగానే అది మేజర్ కార్డా మైనర్ కార్డా అన్నది పట్టుబడుతుంది. గొంతు బాగుండాల్సిన పనేమీ లేదు, శ్రుతిలో ఉంటే చాలు.

ఇంటర్వెల్స్ వచ్చాక కార్డ్స్ బట్టీ పట్టే పని తగ్గిపోతుంది. మేజర్ కార్డ్ అంటే 1, 3, 5. అందులో 3ని ఒక ఫ్రెట్ తగ్గిస్తే మైనర్, ఒక ఫ్రెట్ పెంచితే సస్‌ఫోర్ (3 బదులు 4 ఉన్న కార్డ్). ఓపెన్ కార్డ్ అంటే కొన్ని తీగలను నొక్కకుండానే మోగించేది. ఓపెన్ డి కార్డ్‌లో 3 ఉన్నది మొదటి తీగ రెండో ఫ్రెట్‌లో. ఓపెన్ ఎ కార్డ్‌లో రెండో తీగ రెండో ఫ్రెట్‌లో. ఓపెన్ ఇ కార్డ్‌లో మూడో తీగ మొదటి ఫ్రెట్‌లో. ఈ మూడు చోట్లా ఆ ఒక్క స్వరాన్ని కదిపి చూడండి. పాటల్లో డి కార్డ్ మీద చిటికెన వేలితో చేసే ఆ చిన్న అలంకారం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. నాకు థియరీ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

ఇక కేజ్డ్. సి, ఎ, జి, ఇ, డి అనే ఐదు ఓపెన్ కార్డ్స్ ఆకారాలతో నెక్ మొత్తాన్ని చూసే పద్ధతి ఇది. సి మేజర్‌నే తీసుకుంటే, మొదట ఓపెన్ సి, తర్వాత మూడో ఫ్రెట్ దగ్గర ఎ ఆకారం, ఐదు నుంచి ఎనిమిది మధ్య జి ఆకారం, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ఇ ఆకారం, పదో ఫ్రెట్ నుంచి డి ఆకారం, పన్నెండు దగ్గర మళ్లీ సి ఆకారం. ఏ ఆకారమైనా తన తర్వాతి ఆకారంతో కనీసం ఒక రూట్‌ను పంచుకుంటుంది. నెక్ అంతా ఒకటే అన్న సంగతిని ఇంత తొందరగా కళ్లకు కట్టే పద్ధతి నేను మరొకటి చూడలేదు.

అయితే దీన్ని నేర్పే తీరులో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఆకారాలు చూపిస్తారు గానీ వాటిలో 1 ఏది, 3 ఏది, 5 ఏది అన్నది చెప్పరు. అవి తెలియకపోతే ఐదు ఆకారాలూ ఐదు బొమ్మలే. రెండోది, జి ఆకారాన్నీ డి ఆకారాన్నీ పూర్తి బార్ కార్డ్స్‌గా (ఒకే వేలితో తీగలను అడ్డంగా నొక్కి) పట్టుకోమంటారు. చేతికి అది చాలా కష్టం, అవసరం కూడా లేదు. మూడు సన్న తీగలు చాలు. మూడో తీగ నుంచి మొదటి తీగకు చెబితే, సి మేజర్ 0-1-0, 5-5-3, 9-8-8 అని మూడు చోట్ల దొరుకుతుంది. 5-5-3 నుంచి ఎఫ్‌కు వెళ్లాలంటే 5-6-5. మూడో తీగ మీది స్వరం మారనే మారదు. అక్కడి నుంచి జి అంటే 4-3-3. బ్యాండ్‌లో మరో గిటార్ ఓపెన్ కార్డ్స్ వాయిస్తున్నప్పుడు నేను ఈ చిన్న కార్డ్స్‌లోనే ఉంటాను. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తొక్కుకోవు, పాట వెడల్పుగా వినిపిస్తుంది. కేజ్డ్ వల్ల నాకు దక్కిన అసలు లాభం ఇదే.

పాడేవాళ్లతో పనిచేసేవాళ్లకు నంబర్ సిస్టమ్ తప్పనిసరి అని గట్టిగా చెబుతాను. కార్డ్స్‌ను పేర్లతో కాకుండా స్కేల్‌లో వాటి స్థానంతో పిలవడమే ఇది. 1950ల చివర్లో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల్లో జోర్డనైర్స్ గాయక బృందానికి చెందిన నీల్ మాథ్యూస్ పాటలు త్వరగా రాసుకోవడానికి నంబర్లు వాడారు. తర్వాత చార్లీ మెక్‌కాయ్ లాంటి సెషన్ వాద్యకారులు దాన్ని వాయిద్యాలకు అనువుగా పెంచారు. 1-5-6-4 అని రాసుకుంటే సి కీలో సి, జి, ఎ మైనర్, ఎఫ్. పాడేవాళ్లు ఒక స్వరం పెంచమంటే కాగితం మీద ఏదీ మార్చక్కర్లేదు, డి, ఎ, బి మైనర్, జి అని చేతులే మార్చుకుంటాయి. మేజర్ కీలో 2, 3, 6 సహజంగా మైనర్ అవుతాయని గుర్తుంటే చాలు. మనకు సరిగమలు చిన్నప్పటి నుంచి చెవిలో ఉంటాయి కాబట్టి ఇది ఇంకా సులువు. షడ్జమాన్ని ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచి మిగతా స్వరాలు లెక్కించుకోవడం మనకు కొత్త కాదు. నంబర్లు చేసే పనీ అదే.

కాపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) వాడేవాళ్లకు కూడా ఇది మేలు. రెండో ఫ్రెట్‌లో కాపో పెట్టి జి ఆకారం పట్టుకుంటే పలికేది ఎ. పక్కన కీబోర్డ్ వాయించేవాళ్లకు ఏ పేరు చెప్పాలన్న గందరగోళం నంబర్లతో పోతుంది.

సెవెన్త్ కార్డ్స్ (1, 3, 5కు 7 కూడా చేర్చినవి) గురించి చాలామంది భయపడతారు. నేను వాళ్లకు చెప్పేది ఒక్క ప్రయోగం. ఓపెన్ జి సెవెన్ పట్టుకుని తర్వాత సి వాయించండి. అన్నిటికంటే సన్నని రెండు తీగలనే గమనించండి. మొదటి తీగ మొదటి ఫ్రెట్‌లోని ఎఫ్ ఒక ఫ్రెట్ దిగి ఓపెన్ ఇ అవుతుంది. ఓపెన్‌గా ఉన్న రెండో తీగ బి ఒక ఫ్రెట్ ఎక్కి సి అవుతుంది. బి, ఎఫ్ మధ్య ఉన్నది ఆరు అర స్వరాల దూరం, అది చెవిని స్థిరంగా నిలవనివ్వదు. ఆ రెండూ ఎదురెదురుగా ఒక్కో ఫ్రెట్ జరగగానే చెవి కుదుటపడుతుంది. జాజ్‌లో 2-5-1 కూడా ఇలాంటిదే: డి మైనర్ సెవెన్‌లో ఎఫ్, సి, జి సెవెన్‌లో ఎఫ్, బి, సి మేజర్ సెవెన్‌లో ఇ, బి. ప్రతిసారీ ఒక్క స్వరం అర స్వరం దిగుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది. ఈ 3, 7 జతను రెండు తీగల మీద వాయించి చూడండి, మిగతా స్వరాలు లేకపోయినా పాట నడక తెలిసిపోతుంది.

పెంటాటోనిక్ బాక్సుల (ఐదు స్వరాల స్కేల్‌ను నెక్ మీద ఒకచోట చూపే ఆకారాలు) మీద నాకు మిశ్రమమైన అభిప్రాయం ఉంది. ఐదో ఫ్రెట్‌లోని ఎ మైనర్ పెంటాటోనిక్ బాక్స్ ఎవరికైనా త్వరగా వస్తుంది, వెంటనే ఏదో ఒక సోలో పలుకుతుంది. ఆ ఆనందం విలువైనదే. ఇబ్బంది ఎక్కడంటే, అందులో ఉన్నవి ఎ, సి, డి, ఇ, జి. ఎ బ్లూస్‌లో వచ్చే మూడు కార్డ్స్ ఎ సెవెన్, డి సెవెన్, ఇ సెవెన్. వాటి 3లు వరసగా సి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్. మూడింట్లో ఒక్కటి కూడా బాక్స్‌లో లేదు. బాక్స్‌నే నమ్ముకున్న సోలో కార్డ్స్ మారినా మారనట్టు వినిపించడానికి ఇదొక పెద్ద కారణం. అనుభవం ఉన్నవాళ్లు సి స్వరాన్ని కొద్దిగా బెండ్ చేసి సి షార్ప్ వైపు లాగడం వింటాం. ఆ లాగుడులోనే బ్లూస్ రుచి ఉంది. బాక్స్ నేర్చుకోండి, కానీ కార్డ్ మారిన చోట దాని 3 ఎక్కడుందో అదే రోజు వెతకండి.

మోడ్స్‌ను, అంటే ఒకే స్కేల్‌ను వేర్వేరు స్వరాల నుంచి మొదలుపెడితే వచ్చేవాటిని, ఏడు బొమ్మలుగా నేర్పే పద్ధతిని నేను ఎవరికీ సూచించను. తీగకు మూడు స్వరాల చొప్పున ఏడు ఆకారాలు వేళ్లకు మంచి కసరత్తు, వేగం పెరుగుతుంది, అంతవరకే. సి మేజర్ స్వరాలే డి నుంచి మొదలుపెడితే డోరియన్ అంటారు. నిజమే. కానీ వెనుక సి కార్డ్ మోగుతుంటే చెవికి వినపడేది మాత్రం సి మేజరే. గ్రహభేదం తెలిసినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది: శంకరాభరణంలో రిషభాన్ని షడ్జమం చేస్తే ఖరహరప్రియ స్వరాలు, మధ్యమాన్ని చేస్తే కళ్యాణి స్వరాలు, పంచమాన్ని చేస్తే హరికాంభోజి స్వరాలు. షడ్జమం మారినట్టు చెవి ఒప్పుకుంటేనే ఆ మార్పు. రాగానికి గమకాలు, సంచారాలు ఉంటాయి, మోడ్‌తో దాన్ని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. స్వరాల లెక్క వరకే ఈ పోలిక. గిటార్‌లో నాకు పనికొచ్చిన దారి డ్రోన్, అంటే తంబూరాలా ఒకే స్వరాన్ని ఆగకుండా మోగించడం. ఐదో తీగ ఎను ఓపెన్‌గా మోగిస్తూ పై తీగల మీద ఎ మైనర్ స్కేల్ వాయించి, తర్వాత ఎఫ్ స్థానంలో ఎఫ్ షార్ప్ పెట్టి చూడండి. డోరియన్ అంటే ఏమిటో ఆ ఒక్క స్వరం చెప్పేస్తుంది.

సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్, అంటే కీలన్నిటినీ 5 దూరం చొప్పున గుండ్రంగా పేర్చిన పటం, గోడకు బాగుంటుంది. వాయించేటప్పుడు నేను దాని గురించి ఆలోచించిన సందర్భాలు తక్కువ, ఎందుకంటే నంబర్లు తెలిసినవాళ్లకు అందులోని సమాచారంలో చాలా భాగం ముందే తెలుసు. రెండు కీల మధ్య మారే పాటలు కట్టేవాళ్లకు మాత్రం ఉపయోగం.

గిటార్ థియరీ పాఠాల్లో సాధారణంగా దొరకని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి, శ్రుతి చేసుకోవడం గురించి. ఫ్రెట్లు సమాన విభజనతో వేసినవి. అందులో మేజర్ 3 శుద్ధమైన 3 కంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ (ఒక అర స్వరం అంటే 100 సెంట్లు). 5 మాత్రం 2 సెంట్లే తక్కువ. కాబట్టి ఓపెన్ ఇ కార్డ్ మోగిస్తూ చెవికి తియ్యగా ఉండేలా మూడో తీగను దించుకుంటే, తర్వాత వాయించే జి కార్డ్, సి కార్డ్ అపశ్రుతిగా వినిపిస్తాయి. తప్పు తీగది కాదు, చెవిది కూడా కాదు. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) వాడేవాళ్లు 3 తీసేసి 1, 5తో పవర్ కార్డ్స్ వాయించడానికి కారణం కూడా దీనికి దగ్గరే. 1, 5 శుభ్రంగా కలుస్తాయి, డిస్టార్షన్‌లో 3 చేరితే మోత గజిబిజి అవుతుంది.

స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద చుక్కలతో రాసే పద్ధతి, దాన్ని చదవడంలో నా వేగం ఇప్పటికీ తక్కువే. గిటార్ రాతలో ఉన్నదానికంటే ఒక ఆక్టేవ్ (పన్నెండు అర స్వరాలు) కింద పలుకుతుంది, పైగా ఒకే స్వరం అనేక చోట్ల దొరుకుతుంది. మొదటి తీగ ఓపెన్ ఇ, రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో, మూడో తీగ తొమ్మిదిలో, నాలుగో తీగ పద్నాలుగులో కూడా ఉంది. ఏది ఎంచుకోవాలో చుక్క చెప్పదు, ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెలతో రాసేది) చెబుతుంది. ట్యాబ్ మాత్రం ఆ స్వరం ఆ కార్డ్‌కు ఏమవుతుందో చెప్పదు. వయొలిన్, ఫ్లూట్ వాయించేవాళ్లతో కలిసి పనిచేయాలనుకుంటే నొటేషన్ నేర్చుకోండి, వాళ్లు ట్యాబ్ చదవరు. నా మట్టుకు నేను ఏ కొత్త పాట ట్యాబ్ తెరిచినా ముందు కార్డ్స్ మీద నంబర్లు వేసుకుని, కార్డ్ మారిన ప్రతిచోటా మెలొడీ స్వరం పక్కన అది 1, 3, 5, 7లలో ఏదో పెన్సిల్‌తో రాసుకుంటాను. ఆ తర్వాతే గిటార్ ఒళ్లోకి తీసుకుంటాను.