పునుగులు ఇంట్లో, సమోసా బండి దగ్గర: ఏది ఎక్కడ మేలు?

ముందే చెప్పేస్తాను. పునుగులు ఇంట్లోనే చేసుకోవాలి. సమోసా బయటే తినాలి. మిరపకాయ బజ్జీ మీ ఓపికను బట్టి. పానీపూరీకైతే పూరీలు కొనుక్కుని, పానీ మాత్రం ఇంట్లో కలుపుకోవాలి. నాలుగేళ్లుగా ఆదివారం సాయంత్రాలు పొయ్యి గట్టు మీద నూనె మరకలు తుడుచుకుంటూ నేను తేల్చుకున్న లెక్క ఇది. "బయటిదంతా చెడ్డది, ఇంటిదంతా మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లతో నాకు పేచీ. బండి దగ్గర ఉండే పెద్ద కడాయి మన వంటింట్లో ఉండదు. మన ఇంట్లో ఉండే మంచినీళ్లు బండి దగ్గర ఉంటాయో లేదో తెలియదు. ఏ తిండికి ఏది ముఖ్యమో చూసుకుంటే తగువు సగం తీరిపోతుంది.

పునుగుల విషయంలో అసలు పోటీయే లేదు. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దోసె. మూడో రోజుకి పిండి గిన్నె మూత తీస్తే పులిసిన వాసన కొడుతుంది. ఆ పులుపే పునుగుకి ప్రాణం. రెండు కప్పుల ఇడ్లీ పిండిలో రెండు మూడు చెంచాల మైదా గానీ బొంబాయి రవ్వ గానీ వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు కలిపితే చాలు. రవ్వ వేస్తే పావుగంట నాననివ్వాలి. పిండి వేళ్ల నుంచి కారకూడదు, ముద్దగా జారి పడాలి. దోసె పిండి పల్చగా ఉంటుంది కాబట్టి దాన్ని గట్టిపరచడానికి మైదా ఎక్కువ పోయాల్సి వస్తుంది, అప్పుడు పునుగు రబ్బరులా సాగుతుంది. అందుకే ఇడ్లీ పిండే మేలు. బాగా పులిసిన పిండికి వంట సోడా కూడా అక్కర్లేదు, అందులో గాలి ముందే ఉంది.

విజయవాడ వైపు బండ్ల మీద పునుగులు బాగుంటాయి, కాదనను. అయితే అక్కడ మనల్ని పట్టేసేది చాలావరకు ఆ పల్లీ చట్నీ, అల్లం పచ్చడి. అవి రెండూ ఇంట్లో పది నిమిషాల పని. నూనె తగ్గించుకుందామని గుంతపొంగనాల పెనం మీద ఇదే పిండి వేసేవాళ్లున్నారు. పొంగనాలు బాగానే వస్తాయి, కానీ అవి పొంగనాలే. వాటిని పునుగులని పిలవడం నాకు ఒప్పదు. మైసూరు బజ్జీ కూడా చూడ్డానికి దగ్గరి చుట్టమేగానీ దాని దారి వేరు. మైదాలో పెరుగు, సోడా వేసి చేత్తో బాగా గిలకొట్టి రెండు మూడు గంటలు నానబెట్టాలి. సాయంత్రం నాలుగింటికి గుర్తొస్తే అది కుదరదు.

ఇక మిరపకాయ బజ్జీ. ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు నా పరువు పోయింది. కాయలు కడిగి, చీల్చి, కూరి, పిండిలో ముంచి నూనెలో వేస్తే పిండి ఒక పక్క తేలింది, కాయ ఒక పక్క తేలింది. మా పెద్దమ్మ వచ్చి చూసి, "కాయ తుడిచావుట్రా? తడి కాయకి పిండి ఎలా పడుతుందిరా, చొక్కా జారినట్టు జారిపోతుంది" అంది. అప్పట్నుంచి కడిగిన కాయల్ని గుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద కాసేపు ఆరబెట్టిగానీ పొయ్యి వెలిగించను.

కాయ ఎంపిక దగ్గరే సగం పని ఉంది. కూరల్లో వేసే మామూలు పచ్చిమిర్చి పనికిరాదు. లేతాకుపచ్చగా, పొడుగ్గా ఉండే బజ్జీ మిరపకాయలు విడిగా అమ్ముతారు. కారం గింజల్లో ఉంటుందని అందరూ అనుకుంటారుగానీ, ఎక్కువ భాగం ఉండేది ఆ గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో. పిల్లలు తినాలంటే గింజలతో పాటు ఆ ఈనె కూడా గీకేయాలి. లోపల మా ఇంట్లో వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపి రాస్తాం. హైదరాబాద్ వైపు నువ్వులు కూడా నూరి ముద్దగా పెడతారు, అదీ బ్రహ్మాండం.

పిండికి ఒక కప్పు సెనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, చిటికెడు వంట సోడా. సోడా ఎక్కువైతే బజ్జీ బుస్సున పొంగి స్పాంజిలా నూనె పీల్చేస్తుంది, కాబట్టి చిటికెడంటే చిటికెడే. వేలు ముంచి తీస్తే చర్మం కనబడకూడదు, అదీ చిక్కదనం. ఇంకో చిన్న కిటుకు ఉంది. పిండిని వెడల్పాటి గిన్నెలో కాకుండా పొడుగాటి గ్లాసులో పోసుకుని, తొడిమ పట్టుకుని కాయని నిలువుగా ముంచి తీయండి. పిండి చుట్టూ సమానంగా పడుతుంది, వృథా కూడా తక్కువ.

ఇంత చేసినా బండి బజ్జీకి ఇంటి బజ్జీ ఒక్క చోట ఓడిపోతుంది. అది నూనె దగ్గర. బండి మీద పెద్ద కడాయిలో నాలుగైదు లీటర్ల నూనె మరుగుతూ ఉంటుంది. పది బజ్జీలు ఒకేసారి వేసినా ఆ వేడి పెద్దగా తగ్గదు. మనం అర లీటరు పోసి అయిదు బజ్జీలు వేసేసరికి నూనె చల్లబడుతుంది. చల్లబడ్డ నూనెలో పైపెంకు వెంటనే గట్టిపడదు, ఈలోపు పిండి నూనె తాగేస్తుంది. అందుకే ఇంటి బజ్జీ కాగితం మీద పెడితే కాగితం అంతా పారదర్శకం అయిపోతుంది. దీనికి మందు ఒక్కటే. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న మూకుడు తీసుకుని మూడేసి చొప్పున వేయాలి. వేసే ముందు పిండి బొట్టు ఒకటి వదిలి చూడండి. అడుగునే కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. బుడగలతో వెంటనే పైకి తేలితే సరిగ్గా ఉంది. తేలీ తేలకముందే ఎర్రబడితే మంట తగ్గించాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకి 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్.

మూడేసి చొప్పున వేస్తే ఇంకో బాధ మొదలవుతుంది. అందరూ వేడివేడిగా తింటారు, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి తప్ప. మన ఇళ్లలో ఆ మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఇంటి తిండి మేలని వాదించేటప్పుడు ఈ ఖర్చుని ఎవరూ లెక్కలో వేయరు. అందుకే ఇంట్లో మామూలు బజ్జీ కంటే కట్ మిర్చీయే మేలంటాను. బజ్జీల్ని ముందు ముప్పావు వంతు వేయించి తీసి, చల్లారాక ముక్కలుగా కోసి పెట్టుకోవచ్చు. అందరూ కూర్చున్నాక ముక్కలన్నీ ఒక్క వాయిలో మళ్లీ కరకరలాడేలా వేయించి, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం చల్లితే చేసిన మనిషి కూడా వచ్చి కూర్చోవచ్చు.

ఎయిర్ ఫ్రయ్యర్ ఉంది కదా అని అడిగేవాళ్లకి: జారుగా ఉండే సెనగపిండి అందులో పనిచేయదు. గట్టిపడేలోపే జాలీలోంచి కారిపోతుంది. పొద్దున తెచ్చిన సమోసాని సాయంత్రం మళ్లీ కరకరలాడించడానికైతే అది దివ్యంగా ఉంటుంది.

సమోసా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇరానీ హోటళ్లలో చాయ్ పక్కన పెట్టే ఆ చిన్న ఉల్లిపాయ సమోసాకి కాగితమంత పల్చటి పట్టీలు కావాలి. రొట్టెల మధ్య నూనె, పిండి రాసి ఒకదాని మీద ఒకటి పేర్చి వత్తి, పెనం మీద రెండు వైపులా అలా చూపించి, విడదీసి, పట్టీలుగా కోయాలి. పెద్ద ఆలూ సమోసా అయితే సన్నటి సెగ మీద పావుగంట పైనే వేగాలి, తొందరపడితే పైన బొబ్బలు లేస్తాయి. రెండూ చేసి చూశాను. ఒక పూట అంతా పోయి పన్నెండు సమోసాలు వచ్చాయి, పది నిమిషాల్లో అయిపోయాయి. బయట తినండి.

పానీపూరీ దగ్గర మాత్రం నేను కాస్త పట్టుదల మనిషిని. బజ్జీలో క్రిములున్నా చాలావరకు మరిగే నూనెలో చస్తాయి. పానీపూరీలో పానీ పచ్చిది, అందులో ముంచే చెయ్యి పచ్చిది, ఉల్లిపాయ పచ్చిది. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ కామెర్లు ఎక్కువగా వచ్చేది కలుషితమైన నీళ్లు, తిండి వల్ల. వానాకాలంలో మా ఇంట్లో బయటి పానీ బంద్. కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి రెండు గుప్పెళ్ల పుదీనా, ఒక గుప్పెడు కొత్తిమీర, మూడు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క నూరి కలిపి, చింతపండు రసం, వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు వేయాలి. బండి పానీ వాసన రావట్లేదని చాలామంది అంటారు. నల్ల ఉప్పు మర్చిపోతే రాదు మరి, ఆ ఘాటంతా అందులోని గంధకపు వాసనే. ఐస్ వేస్తే అది కూడా కాచిన నీళ్లతో చేసిందే అయి ఉండాలి, లేకపోతే ఇంత కష్టం ఎందుకు?

పూరీలకి మూడు దారులున్నాయి. సొంతంగా చేసుకోవడం, ఎండు పూరీల ప్యాకెట్ తెచ్చి వేయించుకోవడం, వేయించినవే కొనడం. బొంబాయి రవ్వలో కాస్త మైదా వేసి గట్టిగా పిసికి, తడిగుడ్డ కింద అరగంట ఉంచి, పల్చగా వత్తి వేస్తే పొంగుతాయి. అన్నీ పొంగవు. వత్తినవాటి మీద గుడ్డ కప్పడం మర్చిపోయి నేను ఒకసారి యాభైకి ముప్పై చదునుగా తీశాను. వాటిని నలిపి చాట్ చేసి, మొదట్నుంచీ అదే అనుకున్నట్టు నటించాను. ఎండు పూరీల ప్యాకెట్టే నా ఓటు. అవి దాదాపు అన్నీ పొంగుతాయి, ఏ నూనెలో వేగాయో కూడా మనకి తెలుస్తుంది. ఇంట్లో ఎంత బాగా చేసినా ఒక లోటు ఉంటుంది. బండి దగ్గర ఒక్కొక్కటి నింపి చేతికిస్తుంటే పూరీ మెత్తబడే టైమే ఉండదు. ఇంట్లో ప్లేటులో ఆరు నింపి పెడితే నాలుగోది తినేసరికి ఆరోది కారిపోతుంది. కాబట్టి ఒకరు నిలబడి అందించాలి. ఈ ఉద్యోగం మా పిల్లలకి ఇచ్చాను, కొట్టుకుంటూ చేస్తారు.

విశాఖ బీచ్‌లో అమ్మే మురీ మిక్చర్ లాంటివాటికి ఎక్కడైనా ఒకటే. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు, నిమ్మకాయ. కలిపిన రెండు నిమిషాల్లో తినేయాలి, అంతే. అయితే ఇంట్లో సముద్రపు గాలి ఉండదు.

నూనె మాట మళ్లీ ఎత్తాలి. నూనె పదేపదే కాగి పాడవుతుంటే అందులో పోలార్ కాంపౌండ్లనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె ఇక వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన నిబంధన 2018 జూలై నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర నిలబడి శాతం కొలవలేం. నల్లగా, చిక్కగా మారి, పైన నురగ కట్టి, పొగ వస్తుంటే వెనక్కి తిరిగి వచ్చేస్తాను. ఇంట్లోనూ అదే నూనెని సీసాలో దాచి నెలంతా బజ్జీలు వేస్తే మనకీ బండికీ తేడా ఏముంది? వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూర తాలింపుల్లో వాడేయడం మంచిది. న్యూస్‌పేపర్లో చుట్టి ఇవ్వడం గురించి కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చాలాసార్లు హెచ్చరించింది, ఆ సిరా తిండికి అంటుతుంది. అందుకే సమోసాలకి వెళ్లేటప్పుడు స్టీలు డబ్బా పట్టుకెళ్తాను. మొదట్లో మా సందు చివర బండాయన "ఏంటి సార్, క్యారేజీయా?" అని నవ్వేవాడు. ఇప్పుడు డబ్బా చూడగానే అడక్కుండానే నాలుగు వేయించిన పచ్చిమిర్చి కూడా వేస్తున్నాడు.