శ్రీకాకుళం తీరాన ఒక ఇల్లు: తొమ్మిది రోజుల వెతుకులాట

పదవీ విరమణ తరువాత హైదరాబాదు వదలి, సముద్రానికి దగ్గరలో ఏదైనా చిన్న ఊళ్లో స్థిరపడాలన్న కోరిక మా ఇంట్లో నాకంటే మా ఆవిడకే ఎక్కువ. ఆమె పుట్టింటివారిది సోంపేట దగ్గర ఒక పల్లె. నాకు ఆ ప్రాంతంతో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వచ్చిపోయిన పరిచయమే తప్ప, అక్కడ వారం రోజులు వరసగా గడిపిన అనుభవం లేదు. అందువల్ల సంక్రాంతి వెళ్లిన వారంలో బయలుదేరి, విజయనగరం తీరం మొదలుకొని ఇచ్ఛాపురం వరకు తొమ్మిది రోజులపాటు ఊరూరూ తిరిగి చూశాము. బయలుదేరే ముందే ఒక నోటుపుస్తకంలో అయిదు ప్రశ్నలు రాసుకున్నాము: తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, అర్ధరాత్రి ఒంట్లో బాగుండకపోతే ఎంతసేపట్లో డాక్టరు దగ్గరకు చేరగలం, హైదరాబాదు రైలు ఎక్కడ ఎక్కాలి, తుపాను వస్తే ఇల్లు నిలుస్తుందా, భూమి కాగితాలు సరిగ్గా ఉంటాయా. సముద్రం అందంగా ఉందా లేదా అన్నది ఆ జాబితాలో లేదు. అది ఎటూ అందంగానే ఉంటుంది కనుక.

విజయనగరం జిల్లాకు ఉన్న తీరం చాలా తక్కువ. భోగాపురం, పూసపాటిరేగ మండలాలు తప్ప తక్కినదంతా సముద్రానికి దూరమే. చింతపల్లి దీపస్తంభం దగ్గర సాయంత్రం గడిపి, ఆ ఇసుకలో నడిచినప్పుడు ఇక్కడే ఉండిపోదామా అనిపించిన మాట నిజమే. అయితే భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలైన నాటినుంచి జాతీయ రహదారికి రెండు వైపులా లేఅవుట్ల రాళ్లే కనిపిస్తున్నాయి. టీ దుకాణంలో కూర్చున్నవారు కూడా వర్షం గురించి కాక గజం ధర గురించే మాట్లాడుకుంటున్నారు. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లం ఆ సందడిలో ఇల్లు కొనడమెందుకని, ఒక్క పూటలోనే ఆ పేజీ మూసేశాము.

శ్రీకాకుళం పట్టణంలో బస్సు కాంప్లెక్సుకు దగ్గరగా ఒక లాడ్జిలో మూడు రాత్రులు ఉన్నాము. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గదిలో గాలీ వెలుతురూ ఉన్నాయి, కానీ వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే అన్న సంగతిని డబ్బు కట్టాకే చెప్పారు. పెద్ద వయసువారు ఈ ఒక్కటీ ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. రైల్లో వచ్చేవారు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి: శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను ఉన్నది పట్టణంలో కాదు, ఆమదాలవలసలో. అక్కడి నుంచి బస్సో ఆటోయో పట్టుకొని పట్టణానికి రావాలి. తెల్లవారుజామున దిగితే బేరం ఆటోవాడిదే.

పట్టణాన్ని ఆధారంగా చేసుకొని మొదట చూసినది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఒకనాడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు దీపస్తంభమూ చేపల పడవలూ ఉన్న నిశ్శబ్దమైన ఊరు. దారిలో శాలిహుండం కొండ ఎక్కి, బౌద్ధ స్తూపాల శిథిలాల మధ్య నిలబడి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు సాగడం కనిపిస్తుంది. అంత మంచి చోటు జిల్లాలో మరొకటి నేను చూడలేదు. మా ఆవిడ అయితే కొండ దిగేలోపే ఇంటికి రంగులు కూడా నిర్ణయించేసింది. కానీ ఊళ్లోకి వెళ్లి నోటుపుస్తకం తెరిచేసరికి జవాబులు ఒక్కొక్కటిగా పలచబడ్డాయి. మందులకు గార గానీ శ్రీకాకుళం గానీ వెళ్లాలి. పట్టణానికి చివరి బస్సు ఎప్పుడని ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు వేళలు చెప్పారు. మేము చూసిన ఇంట్లో బోరు నీరు నోట్లో పోసుకుంటే ఉప్పదనం తగిలింది. అది వాడుకకే గానీ తాగడానికి కాదని ఇంటామె నిజాయితీగానే చెప్పి, లోపల వరసగా పెట్టిన నీళ్ల క్యాన్లు చూపింది. కిటికీ ఊచలు తుప్పు పట్టి పొరలుగా లేస్తున్నాయి. రెండేళ్ల కిందటే మార్పించామని ఆమె అన్నప్పుడు, సముద్రం పక్కన ఇల్లంటే ఏటా పెట్టవలసిన ఖర్చు ఏమిటో నాకు మొదటిసారి లెక్కకు వచ్చింది.

శ్రీకూర్మం మాత్రం మేము ఊహించినదానికంటే బాగా నచ్చింది. పట్టణానికి అరగంట ప్రయాణం. పట్టణంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కనుక రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్లే. పడమటి వైపు చూసే కూర్మనాథుడు, రెండు ధ్వజస్తంభాలు, ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్లు వచ్చినవారికి ఒక పూట వినోదమే అయినా, అక్కడ ఉండేవారికి ఆ గుడి రోజుకు రెండుసార్లు నడవడానికి ఒక నెపం. పితృకార్యాలకూ డోలోత్సవానికీ జనం ఎక్కువగా వస్తారు, ఆ రోజుల్లో ఇరుకు తప్పదు. సముద్రం కూడా దగ్గరే. అయితే అద్దెకు ఇచ్చే ఇళ్లు చాలా తక్కువ. ఉన్నవి గుడి వీధుల్లో ఒకదానికొకటి ఆనుకొని ఉండి, పెరడు అన్న మాటే లేదు. పెరడు లేని ఇల్లు హైదరాబాదులోనూ ఉందని మా ఆవిడ అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నరసన్నపేట, టెక్కలి రెండూ జాతీయ రహదారి మీద ఉన్న వ్యాపార కేంద్రాలు. సదుపాయాల దృష్టితో చూస్తే రెండింటికీ మంచి మార్కులు వేయవలసిందే. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది, నౌపడ జంక్షను పక్కనే ఉంది. నౌపడ ఉప్పుమడుల మీద పొద్దుటి ఎండ పడినప్పుడు కళ్లు జిగేల్మంటాయి. ఆ పక్కనే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లనిండా గూళ్లు కట్టుకొని ఉన్నాయి. శీతకాలంలో వెళ్లేవారు తప్పకుండా ఆగి చూడవలసిన ఊరు. కానీ సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినప్పటినుంచి ఆ వైపు లారీల రాకపోకలు పెరిగాయని అక్కడివారు అన్నారు. రేవు వస్తే పనులు వస్తాయి, అది ఆ ప్రాంతానికి మంచిదే. విశ్రాంతికి వెళ్లే మాబోటివారికి మాత్రం పదేళ్ల తరువాత ఆ తీరం ఎలా ఉంటుందో అంచనా వేయడం కష్టం.

పలాసకు చేరేసరికి ప్రయాణం సగం దాటింది. పలాస, కాశీబుగ్గ రెండూ కలిసిపోయిన ఊరు. ఏ సందులోకి వెళ్లినా జీడిపిక్కలు కాల్చిన వాసన వస్తుంది. అది మొదటి రోజు బాగుంటుంది, మూడో రోజుకు గొంతు పట్టుకుంటుంది. మేము దిగిన లాడ్జి ఈ ప్రయాణం మొత్తంలోకి మంచిది: వేడినీళ్లు రోజంతా వచ్చాయి, లిఫ్టు పనిచేసింది, కింద హోటల్లో ఇడ్లీలు మెత్తగా ఉన్నాయి. హౌరా, చెన్నై మార్గంలో ఇది పెద్ద స్టేషను కనుక హైదరాబాదు రైళ్లకు ఇబ్బంది లేదు.

ఇక్కడి నుంచే ఉద్దానం అనే తీరప్రాంతం గురించి మాట్లాడవలసి ఉంటుంది. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఇంత పచ్చగా ఉన్న ఈ నేల మీద ఎన్నో ఏళ్లుగా కిడ్నీ జబ్బు ప్రజలను పట్టి పీడిస్తున్నది. పొలం పనులు చేసుకొనే, మధుమేహమూ రక్తపోటూ లేని మనుషులకు కూడా వస్తున్న ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. నీటినే అనుమానించినవారు చాలామంది. కారణం తేలకపోయినా చేతనైన పనులు కొన్ని జరిగాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఉద్దానం ఊళ్లకు పంపే పథకమూ అప్పుడే మొదలైంది. సోంపేట, కవిటి, హరిపురంలలో డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. నాకు పన్నెండేళ్లుగా చక్కెర జబ్బు ఉంది కనుక ఈ సంగతిని వేరొకరి కష్టంగా చూసి పక్కన పెట్టలేకపోయాను. బయలుదేరే ముందు మా డాక్టరుగారిని అడిగితే, ఊరు మారినా మారకపోయినా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షను మూడు నెలలకోసారి మానవద్దని మాత్రం చెప్పారు. అందుచేత ఉద్దానంలో చూసిన ప్రతి ఇంట్లోనూ నేను మొదట అడిగినది కుళాయిలో ఏ నీరు వస్తుంది, ఎన్నాళ్లకోసారి వస్తుంది అని. ఒకే ఊళ్లో ఒక వీధికి రోజూ వస్తే, మరో వీధికి రోజు విడిచి రోజు వస్తున్నదని విన్నాను. కనుక ఊరిని కాదు, వీధిని ఎంచుకోవాలి.

సోంపేటలో మా ఆవిడ పిన్నిగారింట్లో దిగాము. సోంపేట అని టిక్కెట్టు కొన్నవారు దిగేది కంచిలిలో. రైల్వేవారి సోంపేట స్టేషను అక్కడే ఉంది. అక్కడి నుంచి ఆటోలు దండిగా దొరుకుతాయి. పిన్నిగారిల్లు పాత పెంకుటిల్లు, పెరట్లో పనసచెట్టు. భోజనాల సంగతి ఇక్కడ రాస్తే మిగిలిన ఊళ్ల హోటళ్లకు అన్యాయం జరుగుతుంది. సోంపేటకు కళ్లాసుపత్రి ఊరని చాలాకాలంగా పేరు. క్రైస్తవ మిషనరీలు నడిపిన ఆ ఆసుపత్రికి ఒకప్పుడు ఒడిశా నుంచి కూడా జనం వచ్చేవారు. బజారు పెద్దది, మందుల దుకాణాలు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి. ఊరి పక్కనున్న బీల (చిత్తడి) భూములను విద్యుత్ కేంద్రం కోసం తీసుకోబోతే 2010లో జనం ఎదురు తిరిగారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నీళ్లు నిలిచిన ఆ బీలలో ఇప్పటికీ పశువులు మేస్తూ, కొంగలు వాలుతూ కనిపిస్తాయి.

సోంపేట నుంచి బారువకు ఆటోలో పావుగంట. మహేంద్రతనయ కలిసే చోట విశాలమైన ఇసుకతీరం, పాత దీపస్తంభం, ఎటు చూసినా కొబ్బరిచెట్లు. మా ఆవిడ చిన్నప్పుడు స్నానాలకు వచ్చిన తీరం అది. అక్కడ మేము మూడు ఇళ్లు చూశాము. మొదటిది ముప్పై సెంట్ల కొబ్బరితోటలో ఉన్న పెంకుటిల్లు. ధర మాకు అందుబాటులోనే ఉన్నా, కాగితాలు చూసేసరికి తోటలో సగం డీపట్టా భూమి, అంటే ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చినది, అని బయటపడింది. అటువంటి భూమి అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది, 2023లో ఇరవై ఏళ్లు దాటినవాటికి సడలింపు వచ్చినా అన్నిటికీ అది వర్తించదు. అందరూ కొంటున్నారు కదా అన్న మధ్యవర్తి మాటతో మా డబ్బుకు భద్రత రాదు. రెండోది అలలకు బాగా దగ్గరలో ఉన్న కొత్త శ్లాబు ఇల్లు. పోటు నీరు చేరే హద్దు నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు ఉంటాయి గనుక కట్టడానికి తీసుకున్న అనుమతి చూపమన్నాను. తరువాత పంపుతామన్నారు, ఇంతవరకు పంపలేదు. మూడోది అద్దెకు ఉన్న చిన్న మేడ. పక్కింటి పెద్దాయన మాటల్లో తిత్లీ తుపాను సంగతి వచ్చింది.

"ఆ రాత్రి ఈ గోడకానుకొని కూకున్నాం బాబూ. తెల్లారి తలుపు తీస్తే ఒక్క చెట్టూ నిలబడి నేదు. ఊరు మాదేనా అనిపించింది" అన్నాడాయన.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు తీరంలో ఆ తుపాను దాటింది. కూలిన కొబ్బరిచెట్లకు బదులు నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. కరెంటు లేని రోజుల్లో ఊళ్లో బోర్లు కూడా ఆగిపోయి, తాగునీరు ట్యాంకర్లలో వచ్చిందట. ఇళ్లు చూడడానికి బయటివారందరూ వచ్చేది మావలెనే జనవరిలో, సముద్రం బుద్ధిగా ఉన్నప్పుడు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ఊరు చూడకుండా ఇల్లు కొనడమంటే, పెళ్లిచూపుల్లో పెట్టిన మిఠాయి చూసి సంబంధం ఖాయం చేసుకోవడమే.

ఇచ్ఛాపురం చివరి రోజున చూశాము. ఒడిశాలోని బరంపురం అంత దగ్గర కావడం వల్ల పెద్ద వైద్యానికి అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రే దిక్కు. మాటలో ఒడియా ఎంతగా కలుస్తుందంటే బజారులో నేను సగం సైగలతో నడిపించాను. ఊరు మంచిదే, మా వయసులో కొత్త భాష మాత్రం కష్టం.

తిరుగు రైలెక్కే ముందు మేము తేల్చుకున్నది ఇది: ఇల్లు కొనడం ఇప్పుడు లేదు. బారువలో కాక, కుళాయికి హిరమండలం జలాశయం నీరు రోజూ వచ్చే సోంపేట వీధిలో, పిన్నిగారింటికి నాలుగిళ్ల అవతల ఉన్న శ్లాబు ఇంటి కింది భాగాన్ని సెప్టెంబరు నుంచి ఆరు నెలలకు అద్దెకు మాట్లాడుకున్నాము. ఉదయం నడకకు బారువ ఆటో ఎటూ ఉంది. ఇంటాయన అడ్వాన్సు తీసుకుంటూ, తుపాన్లు వెళ్లాక కార్తీకం దాటి రావచ్చు కదా, అప్పటివరకు అద్దె మిగులుతుందని హితవు చెప్పాడు. ఆ అక్టోబరు, నవంబరు నెలల కోసమే వస్తున్నామని నేను చెప్పబోతుండగా, మా ఆవిడ అడ్డు వచ్చి, కరెంటు పోతే పెరట్లో బావికి గిలకా చేదా ఉన్నాయా అని ఆయనను అడిగింది.