గాడ్జెట్‌కి ఏది మేలు: హోరెత్తించే లాంచా, చడీచప్పుడు లేని లాంచా?

లాంచ్ రోజు హైప్ ఎంత ఉంటే అమ్మకాలు అంత కాలం నిలుస్తాయా అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. 2014లో ఒకే కంపెనీ తెచ్చిన రెండు వస్తువులను పక్కపక్కన పెడితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ జూన్‌లో అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ స్వయంగా వేదికెక్కి ఫైర్ ఫోన్‌ని చూపించారు. ముందువైపు నాలుగు మూలల్లో నాలుగు చిన్న కెమెరాలు. తల కాస్త పక్కకు వంచితే తెర మీది బొమ్మ లోతున్నట్టు కదిలేది. చూడముచ్చటగానే ఉంది, కానీ ఆ ముచ్చట ఎన్నాళ్లు? అది పాతబడ్డాక మిగిలింది గూగుల్ యాప్‌లు లేని ఫోన్. మొబైల్ నెట్‌వర్క్ కంపెనీతో కాంట్రాక్టు చేసుకుంటే 199 డాలర్లున్న ధర సెప్టెంబరుకే 99 సెంట్లకు పడిపోయింది. అక్టోబరులో కంపెనీ 17 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకుంది, అందులో ఎక్కువ భాగం ఈ ఫోన్‌దే.

నవంబరులో అదే అమెజాన్ మాట వింటూ పనిచేసే ఎకో స్పీకర్‌ని తెచ్చింది. వేదికా లేదు, హడావుడీ లేదు. ఆహ్వానం అందినవాళ్లకే అమ్మారు. అమెరికాలో అందరికీ దొరికింది 2015 జూన్‌లోనే. అప్పటికే వాడినవాళ్లు చెప్పడం మొదలైంది: చేతులు తడిగా ఉన్నా నోటితో టైమర్ పెట్టుకోవచ్చు, పాట మార్చుకోవచ్చు. చిన్న సౌకర్యమే, కానీ రోజూ పనికొచ్చేది.

నా దృష్టిలో అసలు పరీక్ష రెండో నెల. హైప్ కొత్త కొనుగోలుదారులను తెచ్చేది తక్కువ. ఎలాగూ కొనేవాళ్లను ముందుకు లాగేది ఎక్కువ. ఆరు నెలల గిరాకీ ఒక్క వారంలో అయిపోతే, తర్వాత అమ్మకాలు తగ్గడం మామూలే అయినా ‘ఫ్లాప్’ అన్న ముద్ర పడుతుంది. ఇక డిస్కౌంట్లు మొదలవుతాయి. అవి చూసి, ఇంకా తగ్గుతుందేమో అని మిగతావాళ్లూ ఆగిపోతారు.

అలాగని హైప్ దండగ అనలేం. 2007 జనవరిలో చూపించిన ఐఫోన్ కోసం జనం జూన్ దాకా ఎదురుచూశారు. అమ్మకం మొదలైన 74 రోజుల్లో పది లక్షలు అమ్ముడయ్యాయి. మధ్యలో 599 డాలర్ల మోడల్‌ను 399కి దించితే ముందు కొన్నవాళ్లు మండిపడ్డారు, 100 డాలర్ల క్రెడిట్ ఇచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. అయినా ఫోన్ నిలబడింది, ఎందుకంటే కొన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టలేదు. పైగా ఫోన్లు, గేమ్ కన్సోళ్ల లాంటివాటికి యాప్‌లు, గేమ్‌లు తయారుచేసేవాళ్ల నమ్మకం మొదటే కావాలి. అక్కడ చప్పుడు చేయక తప్పదు.

కావాలని స్టాక్ తక్కువ పెట్టి ఎగబడేలా చేసే పద్ధతి కూడా ఉంది. అది నాలుగు రోజుల వార్తలకు పనికొస్తుంది, అంతే.

అలా బయటివాళ్ల యాప్‌లు, గేమ్‌ల కోసం చూడకుండా తనంతట తానే పనికొచ్చే వస్తువైతే మాత్రం నేను ఎకో దారికే ఓటేస్తాను.