డ్రా.ఐఓలో పెట్టెలకు గీతలు కలపడం: రొయ్యల ప్లాంటు ఫ్లోచార్టులతో దీర్ఘకాల వాడకం

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. చెరువు నుంచి వనామి రకం రొయ్యల సరుకు దిగిన దగ్గర మొదలై, మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీకి చేరేదాకా జరిగే ప్రతి దశనూ, ఆహార భద్రతకు వచ్చే ముప్పులను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి అయిన హెచ్‌ఏసీసీపీ పత్రాల కోసం ఫ్లోచార్టుగా గీసి ఉంచడం నా బాధ్యత. ఇందుకు కొన్నేళ్లుగా, ఇలాంటి చార్టులు గీసే సాఫ్ట్‌వేర్ డ్రా.ఐఓ డెస్క్‌టాప్ వెర్షన్ వాడుతున్నాను. అది ఉచితం, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. అయితే ఇన్నాళ్లూ దాన్ని వదలకపోవడానికి ముఖ్య కారణం, అందులో పెట్టెకూ పెట్టెకూ గీత కలిపే తీరు.

పెట్టె మీదికి మౌస్ తీసుకెళ్తే నాలుగు వైపులా నీలం బాణాలు కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని లాగితే గీత మొదలవుతుంది. దాని కొనను ఎక్కడ వదులుతామన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. రెండో పెట్టె అంచంతా నీలంగా వెలిగినప్పుడు వదిలితే గీత మొత్తం పెట్టెకు అతుక్కుంటుంది. ఆ తర్వాత పెట్టెను ఎటు జరిపినా, కొన తనంతట తానే వీలైన వైపుకు మారిపోతుంది. అలా కాకుండా అంచు మీద ఉన్న చిన్న ఇంటూ గుర్తు ఆకుపచ్చగా మారినప్పుడు వదిలితే, గీత ఆ బిందువుకే కట్టుబడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ విజియోలోనూ ఈ రెండు రకాల అతుకులూ ఉన్నాయి. లిబ్రే ఆఫీస్ డ్రాలో ప్రతి ఆకారానికీ నాలుగు అతుకు బిందువులు ముందే ఉంటాయి, అవి చాలకపోతే మనమే మరికొన్ని పెట్టుకోవచ్చు.

కడగడం, తల తీయడం, గ్రేడింగ్, పొట్టు తీయడం వంటి దశలు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయి కనుక వాటికి మొదటి రకం అతుకే హాయి. నిర్ణయం తీసుకునే డైమండ్ ఆకారం దగ్గర మాత్రం అది పనికిరాదు. మెటల్ డిటెక్టర్ దశనే తీసుకుందాం. ‘లోహం ఉందా?’ అన్న డైమండ్ నుంచి ‘కాదు’ గీత కోల్డ్ స్టోరేజీకీ, ‘అవును’ గీత పక్కన పెట్టిన సరుకుకూ పోవాలి. రెండింటినీ స్వేచ్ఛగా వదిలేస్తే, పక్క పెట్టెను కాస్త కిందికి జరిపిన మరుక్షణం రెండు గీతలూ డైమండ్ కింది కొన నుంచే బయలుదేరి ఒకదాని మీద ఒకటి పడే వీలుంది. అప్పుడు ఏది ‘అవును’, ఏది ‘కాదు’ అన్నది ఆడిటరుకు అర్థం కాదు. అందుకే డైమండ్ల దగ్గర ‘కాదు’ను కింది కొనకూ, ‘అవును’ను కుడి కొనకూ ఇంటూ గుర్తు మీదే బిగిస్తాను.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హెచ్‌ఏసీసీపీకి చెప్పే 12 మెట్లలో నాలుగోది ఫ్లోచార్టు గీయడం, అయిదోది దాన్ని పని జరిగే చోటికి తీసుకెళ్లి సరిచూడడం. గీతల అతుకు విలువ తెలిసేది ఈ అయిదో మెట్టు దగ్గరే. ఒకసారి ప్యాకింగ్ లైన్ చూసే అక్క నా కాగితం చూసి, "గ్లేజింగ్ అయినాక మళ్లీ తూకం వేస్తాం గదా సార్, అది ఇందులో లేదే?" అన్నారు. గ్లేజింగ్ (రొయ్యలకు పలుచని మంచు పూత పట్టించడం) కింద ఉన్న పెట్టెలన్నీ ఒకేసారి ఎంచుకుని కిందికి జరిపాను, గీతలు వాటి వెంటే సాగాయి. ఎడమవైపు షేపుల పట్టీ నుంచి కొత్త పెట్టెను లాగి, గ్లేజింగ్‌కూ ప్యాకింగ్‌కూ మధ్య ఉన్న గీత వెలిగినప్పుడు దాని మీద వదిలాను. గీత రెండుగా విడిపోయి, కొత్త పెట్టెకు పైనా కిందా అతుక్కుంది. వర్డ్‌లో డ్రాయింగ్ కాన్వాస్ పెట్టకుండా బాణాలు గీసుకునే వారు ఇదే మార్పు చేయాలంటే ప్రతి బాణాన్నీ విడిగా జరుపుకోవాలి. మా రంగంలో ఆ అలవాటు ఇంకా పోలేదు.

లోపం లేకపోలేదు. దారిలో అడ్డంగా ఉన్న మూడో పెట్టెను తప్పించుకుని పోయే తెలివి ఈ గీతలకు లేదు, వంపులు మనమే లాగి పెట్టాలి. అలా పెట్టిన వంపులు తర్వాత పెట్టెలను జరిపినా ఉన్నచోటే ఉండిపోతాయి కనుక గీత మెలికలు తిరుగుతుంది. గీత మీద రైట్ క్లిక్ చేసి ‘క్లియర్ వేపాయింట్స్’ ఎంచుకుంటే మళ్లీ తిన్నగా అవుతుంది. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట చిన్న వంతెనలా చూపించే ‘లైన్ జంప్స్’ సదుపాయం ఉంది గానీ, అటువంటివి రెండు మూడు మించితే చార్టు చదవడం కష్టం. తిరిగి మొదటి దశలకు వెళ్లాల్సిన సరుకుకు పేజీ పొడవునా గీత లాగే బదులు, ఫ్లోచార్టు గుర్తుల కోసం 1985లో వచ్చిన ఐఎస్ఓ 5807 ప్రమాణంలో ఉన్న చిన్న వృత్తాన్ని రెండు చోట్లా పెట్టి, రెండింటిలోనూ ‘ఎ’ అని రాయడమే నాకు మేలనిపిస్తుంది.

పీడీఎఫ్ తీసే ముందు ప్రతి డైమండునూ ఒకసారి పక్కకు లాగి చూస్తాను. అతుకు సరిగా పడని గీత వెంట రాకుండా వెనకే ఉండిపోతుంది. కొనను మళ్లీ లాగి ఇంటూ గుర్తు మీద వదిలి, డైమండును యథాస్థానంలో పెట్టేస్తాను.