4 వాట్లు, 40 వాట్లు: ఇంట్లో ట్యూబ్ యాంప్‌లతో ఏడేళ్లు

విజయనగరంలో కోటకు దగ్గరలోని ఒక పాత వీధిలో, పక్కింటితో గోడ కలిసిన మేడగదిలో నేను ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. పైన స్లాబు, కింద మొజాయిక్ గచ్చు. ఈ గదిలోనే ఏడేళ్లుగా ఒక చిన్న ట్యూబ్ యాంప్‌ను, అంటే పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్‌ను వాడుతున్నాను. అందులో నాలుగున్నరేళ్లు దాని పక్కనే ఒక పెద్ద యాంప్ కూడా ఉండేది. ఇంటికి ఏది కొనాలని అడిగే కుర్రాళ్లందరూ ముందుగా ఎన్ని వాట్లు అని అడుగుతారు. నేను కూడా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి తప్పటడుగులు వేశాను కనుక, వాడకంలో తెలిసిన సంగతులను వివరంగా రాస్తున్నాను.

చిన్నదాని శక్తి 4 వాట్లు. స్పీకరును నడిపే పవర్ ట్యూబు ఒక్కటే, ఈఎల్84. దాని ముందు గిటార్ సంకేతాన్ని పెంచే రెండు ప్రీయాంప్ ట్యూబులు, 12ఏఎక్స్7లు, 10 అంగుళాల స్పీకరు, బరువు 9 కిలోలు. పెద్దది 40 వాట్లది. దానిలో రెండు 6ఎల్6 పవర్ ట్యూబులు, మూడు 12ఏఎక్స్7లు, 12 అంగుళాల స్పీకరు ఉంటాయి. బరువు 20 కిలోల పైమాటే. ఈ రెండు అమరికలూ దశాబ్దాలుగా ఎన్నో కంపెనీల యాంప్‌లలో ఉన్నవే కాబట్టి, ఫలానా మోడల్ అని కాకుండా అమరికను బట్టే చెబుతాను.

శక్తి పదింతలైతే శబ్దం కూడా పదింతలవుతుందని నేను అనుకునేవాడిని. నిజానికి పదింతల శక్తి అంటే 10 డెసిబెల్స్ తేడా మాత్రమే, అది చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. గిటార్ స్పీకర్లు ఒక్క వాట్ ఇస్తేనే మీటరు దూరంలో సుమారు 97 డెసిబెల్స్ శబ్దం చేస్తాయి. రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లోవాళ్లు సహించే 75 డెసిబెల్స్ దగ్గర వాయించాలంటే ఆ స్పీకరుకు కావలసింది సుమారు 6 మిల్లీవాట్లు, అంటే ఒక వాట్‌లో నూట అరవయ్యో వంతు. ఆ స్థాయిలో 4 వాట్ల యాంప్ అయినా, 40 వాట్ల యాంప్ అయినా తన శక్తిలో లెక్కకు రానంత చిన్న భాగాన్నే వాడుతుంది. చిన్నది కొంటే ఇంట్లో పూర్తిగా తెరిచి వాయించవచ్చన్న మాట నా గదిలో ఒక్కరోజు కూడా నిజం కాలేదు. వాల్యూమ్ నాబ్ సగం దాటి, ఈఎల్84 పగలడం మొదలైతే, అంటే తీగను నెమ్మదిగా మీటినప్పుడు తేటగా, గట్టిగా మీటినప్పుడు గరగరగా పలికే ఆ అందమైన స్థితికి వస్తే, నా కుర్చీ దగ్గర ఫోనులోని మీటరు 95 దాటి చూపిస్తుంది. ఆ స్వరం కోసమే చాలామంది ట్యూబ్ యాంప్ కొంటారు, నేను కొన్నదీ అందుకే. పక్కింటివారు ఊళ్లో లేని మధ్యాహ్నాల్లో మాత్రమే అది నాకు దక్కింది.

అలాంటప్పుడు రాత్రిపూట తక్కువ శబ్దంలో, క్లీన్ టోన్‌తో, అంటే గరగర లేని తేట స్వరంతో వాయించుకోవడానికి ఏది మేలు? మొదటి ఏడాది నేను ఎదురుచూడని జవాబు, నిస్సందేహంగా పెద్దదే. చిన్న యాంప్‌లో ఒంటి ట్యూబు కరెంటు అంతా, ట్యూబుకూ స్పీకరుకూ మధ్య ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఒకే దిక్కుగా నిరంతరం పారుతుంది కనుక, మంద్రస్వరాలు నిండుగా రావాలంటే దానికి పెద్ద ఇనుప కోర్ కావాలి. బరువూ ధరా తగ్గించిన యాంప్‌లో అంత ఇనుము పెట్టరు. పెద్దదానిలో రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేస్తాయి కాబట్టి ఆ కరెంట్లు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా అరచేతిలో పట్టనంత పెద్దది. శబ్దం తగ్గినప్పుడు మన చెవికి మంద్రస్వరాలు మరింత తక్కువగా వినపడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అందుచేత అసలే పలుచగా పలికే చిన్న యాంప్ రాత్రి ఇంకా పలుచబడుతుంది, పెద్దది మాత్రం గుసగుసలాడినా నిండుగా ఉంటుంది.

అయితే పెద్దదానిలో వాల్యూమ్ నాబ్‌ను అదుపులో పెట్టడం కష్టం. సున్నా నుంచి ఒకటి వరకు ఏమీ వినిపించదు, ఒకటిన్నరకు వచ్చేసరికి ఇల్లంతా నిండిపోతుంది. మధ్యలో వెంట్రుకవాసి జరపడమే ఇంటి వాల్యూమ్. మొదటి దశను పెంచే గెయిన్ నాబ్ పెంచి, మొత్తం శబ్దాన్ని అదుపుచేసే మాస్టర్ నాబ్ తగ్గిస్తే క్రంచ్, అంటే ఆ గరగర, వస్తుంది కానీ, అది ప్రీయాంప్ ట్యూబులది మాత్రమే, కందిరీగ రొదలా సన్నగా ఉంటుంది. ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ప్రీయాంప్‌కూ పవర్ ట్యూబులకూ మధ్య బయటి పరికరాలు కలిపే దారిలో, ఒక చిన్న వాల్యూమ్ పెట్టె తగిలించాక నాబ్ బాధ తీరింది.

రెండో సమస్య గదిది. ఖాళీ ‘ఏ’ తీగ 110 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ తరంగం పొడవు సుమారు 3.1 మీటర్లు, నా గది వెడల్పు కూడా దాదాపు అంతే. పెద్ద యాంప్‌ను గోడకు ఆనించి పెట్టిన రోజుల్లో ఆ ఒక్క తీగ మీటగానే అద్దాల బీరువాలో గ్లాసులు మోగేవి. పక్కింటి పిన్నిగారు మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ఇంట్లో పిల్లలకు పాఠాలు చెబుతారు. ఏ రోజు ఏ యాంప్ పెట్టానో ఆవిడ గోడ అవతలి నుంచే చెప్పేవారు. “బాబూ, నువ్వు పెద్దది పెట్టిన రోజు పాట వినబడదు కానీ, ఒక్క స్వరం మాత్రం గోడలోంచి గుయ్యిమంటూ వస్తుంది. నా పిల్లలు శ్రుతి పట్టలేకపోతున్నారు” అని ఒకసారి అన్నారు. ఆవిడ కోపంతో అనలేదు, ఉన్న విషయమే చెప్పారు. యాంప్‌ను గోడ నుంచి రెండున్నర అడుగులు, అంటే గది వెడల్పులో సరిగ్గా నాలుగో వంతు ముందుకు జరిపి, చెక్క స్టూలు మీద కొబ్బరిపీచు పరుపు ముక్క వేసి పెట్టాక ఆ గుయ్యి చాలావరకు తగ్గింది. చిన్న యాంప్‌కు ఈ జబ్బు లేదు, ఎందుకంటే ఆ స్వరాన్ని అంత బలంగా పలికించే శక్తి దానికి లేదు.

నా అభిప్రాయాన్ని మార్చింది మూడో ఏట చేయించిన స్పీకర్ పెట్టె. ఊళ్లోని వడ్రంగి చేత 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, వెనుక సగం తెరిచి ఉండేలా ఒక పెట్టె చేయించి, 12 అంగుళాల స్పీకరు బిగించి, చిన్న యాంప్‌ను దానికి కలిపాను. యాంప్ వెనుక రాసిన ఓమ్‌లూ స్పీకరు ఓమ్‌లూ సరిపోయేలా చూసుకోవాలి, స్పీకరు తగిలించకుండా యాంప్‌ను ఎన్నడూ ఆన్ చేయకూడదు. అంతవరకు డబ్బాలోంచి వస్తున్నట్టున్న స్వరం ఒక్కసారిగా విచ్చుకుంది. మంద్రంలో పెద్ద యాంప్‌తో సమానం కాలేదు కానీ, రాత్రి వాయింపుకు తేడా ముప్పావు వంతు చెరిగిపోయింది. అంటే నేను ట్యూబులదని అనుకున్న తేడాలో అధిక భాగం స్పీకరుదీ పెట్టెదీ అన్నమాట. పెద్ద యాంప్ కొనక ముందే ఈ పని చేసి ఉంటే దాన్ని కొనేవాడిని కాను.

మన ఊరి కరెంటు గురించి కూడా చెప్పాలి. వేసవి సాయంత్రాల్లో మా వీధిలో 230 వోల్టులు ఉండవలసిన చోట 195 చూశాను. అప్పుడు ట్యూబు హీటరుకు 6.3 వోల్టులకు బదులు 5.3 మాత్రమే అందుతాయి. రెండు యాంప్‌లూ నీరసంగా, ముద్దగా పలుకుతాయి. స్టెబిలైజరు పెట్టుకోవడం మంచిది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మాత్రం వాడవద్దు, ట్రాన్స్‌ఫార్మర్లు రొద పెడతాయి. ఎర్త్ సరిగా లేని పాత ఇంట్లో హమ్ రావడమే కాదు, తీగలు పట్టుకున్న చేతికి ప్రమాదం కూడా.

మరమ్మతు దగ్గరే పెద్ద యాంప్ నన్ను ఎక్కువగా కష్టపెట్టింది. దాని 6ఎల్6లు మార్చినప్పుడల్లా బయస్, అంటే వాయించనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక, కొలిచి సరిచేయాలి. విశాఖలో ఒక దుకాణంలో కొత్త జత వేయించి తెచ్చిన రాత్రి దీపం ఆర్పి చూస్తే, ఒక ట్యూబులోని బూడిదరంగు ప్లేటు మధ్యలో పావలా బిళ్లంత నారింజ మచ్చ వెలుగుతోంది. బయస్ చూడకుండానే ఇచ్చారని అప్పుడు అర్థమై వెంటనే ఆపేశాను. మరునాడు ఇరవై కిలోల పెట్టెను మళ్లీ మేడ దింపి విశాఖకు మోసుకెళ్లవలసి వచ్చింది. చిన్నదాని ఈఎల్84 క్యాథోడ్ బయస్‌తో, అంటే తనంతట తానే సర్దుకునే బయస్‌తో నడుస్తుంది కాబట్టి పాతది లాగి, కొత్తది గుచ్చితే సరిపోతుంది. అయితే అది వాయించినా వాయించకపోయినా ఎప్పుడూ నిండు కరెంటు తాగుతూ కాలుతుంటుంది, ఏడేళ్లలో రెండుసార్లు మార్చాను.

రెండోసారి మార్చవలసి వచ్చింది 2022లో. ఆ మార్చిలో రష్యా ఎగుమతులు ఆపడంతో కొత్త ట్యూబులు దొరకడం కష్టమై ధరలు పెరిగాయి. ఊరికే గరగరలాడుతున్న చిన్న యాంప్‌ను పాత రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన వెనుక రేకు విప్పి, “ఇది మన రేడియో వాల్వే కదా బాబూ” అంటూ పెన్సిలు మొనతో ఒక్కొక్క ట్యూబును సున్నితంగా తట్టారు. మొదటి 12ఏఎక్స్7 మీద తట్టగానే స్పీకరులో టంగుమని మోగింది, గరగరకు కారణం అదేనని తేలింది. ఈఎల్84 కూడా అరిగిపోయిందని చెప్పి, బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఉన్న పాతది ఒకటి అట్టపెట్టెలోంచి తీసి వేశారు. మూత విప్పాక లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటాయని, తెలియనివారు చెయ్యి పెట్టవద్దని ఆయన రెండుసార్లు హెచ్చరించారు.

పెద్ద యాంప్ నిరుడు ఒక చర్చి గాయకబృందానికి వెళ్లింది. ఆ హాలులో దాని వాల్యూమ్ నాలుగు దగ్గర ఉంటుంది, ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టె అవసరం లేదు. మేడగదిలో ఇప్పుడు 4 వాట్ల యాంప్, వడ్రంగి చేసిన పెట్టె, ఆ బీఈఎల్ ట్యూబు ఉన్నాయి. ఆ తరువాత దొరికిన స్లొవేకియా ఈఎల్84ను పెట్టి పోల్చి చూశాను, రాత్రి వాల్యూమ్‌లో నాకు తేడా వినబడలేదు. అందుకని కొత్తదాన్ని బీరువాలో దాచి, పాతదాన్నే వాడుతున్నాను.