ముప్పై దాటాక మొటిమలు: అడాపలీన్ జెల్ ఏడాది పైగా వాడిన అనుభవం

అడాపలీన్ 0.1 శాతం జెల్ నా మొహానికి పనిచేసింది. గడ్డం మీద, దవడ వెంబడి లోపల్నించి సలుపుతూ వచ్చే మొటిమలు చాలావరకు తగ్గాయి. నెలసరికి ముందు ఒకటీ అరా వస్తున్నాయంతే. మచ్చలు పూర్తిగా పోలేదు గానీ లేతబడ్డాయి. అయితే ఇదే జెల్ అంతకుముందు ఇంకో డాక్టరు గారు కూడా రాశారు. అప్పుడు కొద్ది రోజులకే ట్యూబు మూలన పడింది. రెండోసారి మందు అదే, డాక్టరు ముందు నేను మాట్లాడిన తీరు వేరు. అందుకే ఇక్కడ జెల్ కంటే ఆ మాటల గురించే ఎక్కువ రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. మొదట చూపించుకున్న చోట డాక్టరు గారు తలెత్తి నా మొహం సరిగా చూడలేదు. "పిల్లలు పుడితే అవే తగ్గిపోతాయిలేమ్మా" అంటూ చీటీ రాసి చేతికిచ్చేశారు. మా వైపు పెద్దవాళ్ళు ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అని లేచి రావడం మర్యాద. మొటిమల వైద్యంలో ఆ మర్యాద వల్ల నష్టపోయేది మనమే. ఈ జెల్ మొదటి వారాల్లో చర్మాన్ని ఎండగడుతుంది, పొట్టు లేపుతుంది, కొందరికి మొటిమలు ఇంకా పెరిగినట్టు కనిపిస్తాయి. గుణం తెలియాలంటే ఇంచుమించు 12 వారాలు ఓపిక పట్టాలి. ఆ ముక్క ముందే చెప్పకపోతే మొహం మండుతుంటే ఎవరు మాత్రం వాడతారు?

తర్వాత రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్ళాను. అంతవరకు వాడిన ట్యూబులు, సబ్బులు, మాత్రల అట్టలు అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళి బల్ల మీద పెట్టాను. మొటిమలు బాగా ఉన్నప్పుడు తీసిన ఫోటోలు కూడా చూపించాను, ఎందుకంటే అపాయింట్‌మెంట్ రోజున అవి కాస్త అణిగి ఉంటాయి, అప్పుడు మన బాధ తేలిగ్గా కనబడుతుంది. ఆవిడ ఒక్కో ట్యూబు తిప్పి వెనక అక్షరాలు చదివారు. మచ్చలు పోతాయని మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము దగ్గర ఆగిపోయి, "ఇందులో మొమెటసోన్ ఉందమ్మా, స్టీరాయిడ్. దీనివల్ల కూడా మొటిమలు వస్తాయి" అన్నారు. ఇలాంటి స్టీరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా మన ఊళ్ళలో తెల్లబడే క్రీమంటూ ఇప్పటికీ ఇస్తున్నారు. మీ ట్యూబు వెనక మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్ లాంటి పేరు ఉంటే అది డాక్టరుకు తప్పకుండా చూపించండి.

అన్నిటికన్నా కష్టమైన మాట ఇంకోటుంది. నాతో మా అత్తయ్య గారు వచ్చారు. మంచావిడే, నా మీద ప్రేమతోనే ప్రతి ప్రశ్నకూ నాకంటే ముందు జవాబు చెప్పేస్తున్నారు. "అత్తయ్య గారూ, ఓ పది నిమిషాలు బయట కూర్చుంటారా, నేను మాట్లాడి వస్తాను" అన్నాను. ఆవిడేమీ అనుకోలేదు, పర్సు తీసుకుని బయటికి వెళ్ళారు. అప్పుడు చెప్పగలిగాను: నెలసరి తప్పుతోందని, గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయని, వచ్చే ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నామని. మేడమ్ వెంటనే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమోనన్న అనుమానంతో హార్మోన్ల పరీక్షలు, స్కానింగ్ రాశారు. అదృష్టం బావుండి పెద్దగా ఏమీ తేలలేదు. మొండి మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు మాత్రం వద్దన్నారు. అవి వేసుకుంటున్నప్పుడు, ఆపిన తర్వాత ఒక నెల వరకు గర్భం రాకూడదట, వస్తే బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. జెల్ కూడా పిల్లల ప్రయత్నం మొదలుపెట్టే ముందే ఆపేయమని చెప్పారు. మొదటి డాక్టరు గారు ఇవేవీ అడగలేదు. అడగకపోయినా మనమే చెప్పాలి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక వాడకం. రాత్రి మొహం కడిగి, బాగా ఆరాక, బఠాణీ గింజంత జెల్ మొహమంతటికీ పల్చగా రాయాలి. ఒక్క మొటిమ మీదే చుక్క పెట్టుకుంటే లాభం లేదు. కొన్నాళ్ళకి ముక్కు పక్కన, పెదవుల చివర పొట్టు లేచి, అన్నంలో ఆవకాయ కలుపుకుంటే కూడా మూతి భగ్గుమనేది. బడిలో పిల్లలు "టీచర్ గారండీ, మొహానికి ఏమైందండీ?" అని అడిగేవారు. మందు మానకుండా మళ్ళీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. రోజు విడిచి రోజు రాసుకోమని, ముందు మాయిశ్చరైజర్ పూసి దాని మీద జెల్ రాయమని మార్చారు. మొదట ఇచ్చిన మాయిశ్చరైజర్ మన ఉక్కకి జిడ్డులా కారిపోతోందంటే జెల్ రకం ఇచ్చారు. పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ ఫేస్‌వాష్ కూడా ఉంది. దాంతో కడుక్కున్నాక తెల్ల తువ్వాలుతోనే తుడుచుకోండి, నా నీలం తువ్వాలు నిండా వెలిసిపోయిన మచ్చలే. కాలవ గట్టు మీద స్కూటీలో బడికి వెళ్ళేదాన్ని కాబట్టి సన్‌స్క్రీన్ తప్పలేదు.

తలకి నూనె మానేయమన్నారు. మా ఇంట్లో మా చెట్ల కాయలు ఆడించిన కొబ్బరినూనె, అది మానడం నావల్ల కాదని నిజం చెప్పేశాను. "సరే, అయితే తలస్నానానికి గంట ముందు పెట్టుకో, నూనె తలతో పడుకోవద్దు, నుదుటి మీదికి దిగనివ్వకు" అన్నారు. ఇది పాటించడం కష్టం కాలేదు. చెప్పకుండా తలూపి వచ్చుంటే ఆదివారం ఎప్పటిలాగే రాత్రంతా నూనె ఉండేది, మందు పనిచేయడం లేదని నేను అనుకునేదాన్ని.

ఈ జెల్ మీద నా ఫిర్యాదల్లా ఆలస్యం గురించే. మూడో నెల వరకు అద్దంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పాత గుంటల మీద పెద్దగా ప్రభావం లేదు. ప్రైవేటు ఫీజులు బరువనిపిస్తే కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది, మా తోటికోడలు అక్కడే చూపించుకుంటోంది. రద్దీలో ఎక్కువసేపు మాట్లాడే వీలుండదు కాబట్టి, చెప్పాల్సినవి ముందే చీటీ మీద రాసుకుని వెళ్తుంది. ఎక్కడికెళ్ళినా లేచే ముందు "ఇది ఎన్నాళ్ళకి పనిచేస్తుందండీ, చేయకపోతే తర్వాత ఏం చేస్తారు?" అని మాత్రం అడగండి.

ఈ నెల నుంచి అడాపలీన్ ఆపేసి, గర్భం కోసం చూస్తున్నప్పుడూ వాడుకోదగ్గ అజెలాయిక్ యాసిడ్ అనే పూత మందుకి మారాను. కాస్త దురదగా ఉంది. వచ్చే వారం వెళ్ళినప్పుడు ఆ సంగతి చెప్పాలి.