మూడేళ్ల వాడకం తర్వాత నా రందా మిషన్: మూత లోపలి బొమ్మ

మూడేళ్లుగా పర్లాకిమిడిలో నా వడ్రంగం షెడ్డులో నడుస్తున్న రందా మిషన్ ఇది. చిత్రిక ఎలా పడుతుందో, బ్లేడ్లు ఎన్నాళ్లు వస్తాయో వాడేవాళ్లందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది మోటారు టెర్మినల్ పెట్టె మూత లోపల అంటించిన అరచేయంత కాగితం గురించి. ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో దాని మీద బొమ్మ గీసి ఉంది. మొన్న వానాకాలంలో నా పరువు నిలబెట్టింది ఆ కాగితమే.

పాతపట్నం వాళ్ల టేకు ద్వారబంధాలు సగంలో ఉన్నాయి, గృహప్రవేశం నాలుగు రోజుల్లో. పొద్దున్నే స్విచ్ వేస్తే మోటారు ‘ఊఁ’ అని మూలుగుతోంది, తిరగట్లేదు. వెంటనే ఆపేశాను. అలా మూలగనిస్తే వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టు) నిజంగానే కాలిపోతుంది. రివైండింగ్ మేస్త్రీని పిలిస్తే పెట్టె కూడా విప్పకుండా ఒడియాలో ‘పోడిగలా’ అన్నాడు. కాలిపోయిందట, నాలుగు వేలు, వారం రోజులు. నాకు మనసొప్పలేదు. కాలిన వార్నిష్ వాసన లేదు, ఫ్యూజు పోలేదు.

బెల్టు విప్పేశాను. పుల్లీకి తాడు చుట్టి గట్టిగా లాగి, తాడు ఊడి వచ్చాక మా తమ్ముడి కొడుకుని స్విచ్ వేయమన్నాను. గిర్రున తిరిగింది. ఆపి, ఎదురు దిక్కున లాగితే అటూ తిరిగింది. ‘పెదనాన్నా, ఎటు తోస్తే అటు తిరుగుతోందేంటి?’ అన్నాడు వాడు. జబ్బు అక్కడే దొరికింది. తిరిగేదాన్ని తిప్పుతూ ఉంచే రన్నింగ్ వైండింగ్ బాగుంది, మొదటి తోపు ఇచ్చి దిక్కు చూపే స్టార్టింగ్ వైండింగ్ వైపే కరెంటు అందట్లేదు.

ప్లగ్గు పీకి, ఆ స్టార్టింగ్ వైపు ఉండే కెపాసిటర్ కాళ్లకు బల్బు తగిలించి ఛార్జి దింపి, మీటరు పెట్టాను. 120 మైక్రోఫారడ్‌కి 116 చూపించింది. దాని తప్పేం లేదు. ఇక మిగిలింది సెంట్రిఫ్యుగల్ స్విచ్, మోటారు వేగం అందుకోగానే పాయింట్లు విడిపోయి స్టార్టింగ్ వైపు కరెంటు ఆపేసేది. బొమ్మ చూసుకుంటూ దాని వైర్లు రెండూ పట్టుకున్నాను. మోటారు ఆగి ఉన్నప్పుడు ఆ పాయింట్లు కలిసే ఉండాలి, మీటరు కూయాలి. కూయలేదు. వెనక మూత తీస్తే పాయింట్ల మధ్య పొట్టు, వాన చెమ్మకి పిడకలా గట్టిపడి ఉంది. బ్రష్షుతో దులిపి, నున్నటి ఎమెరీ కాగితంతో నలుపు పోయేదాకా రుద్దాను. మధ్యాహ్నానికి ద్వారబంధాలు మళ్లీ మిషనెక్కాయి.

కొన్న కొత్తలో ఈ మోటారులోకి పొట్టు దూరదని అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట సవరించుకోవాలి. గాలి రంధ్రాలు పొట్టు పడే వైపే ఉన్నాయి. ఇప్పుడు నెలకోసారి బ్లోయర్‌తో ఊదుతున్నాను. మా వీధిలో సాయంత్రం వోల్టేజీ 180కి దిగుతుంది. అప్పుడు మోటారు బలం 230 దగ్గర ఉండే దాంట్లో 60 శాతమే. వేగం అందుకోవడం ఆలస్యమై, అంతసేపూ పాయింట్లు, కెపాసిటర్ వేడెక్కుతాయి. అందుకే ఆ వేళ స్టార్ట్ చేయను.

నాకున్నది సింగిల్ ఫేజ్ కనెక్షనే, మిషన్ పని రోజుకి మూడు నాలుగు గంటలే, కాబట్టి దీనితో గడుస్తోంది. త్రీ ఫేజ్ ఉన్నవాళ్లు ఆ మోటారున్నదే తీసుకోండి, దానికి ఈ కెపాసిటరూ ఉండదు, ఈ స్విచ్చూ ఉండదు. ఏది కొన్నా, డబ్బు కట్టేముందు టెర్మినల్ పెట్టె మూత విప్పించి లోపల బొమ్మ ఉందో లేదో చూడండి.